నడిచిన గింజ

సోమి మోకాళ్ల మీద కూర్చుని, పేడ కలిపిన ఎర్రమట్టితో గోడ అడుగు అలుకుతోంది. అరచేయి వెడల్పుగా ఉంది, వేళ్లు వంకర్లు పోయాయి. చూపుడువేలి గోరు ఎప్పుడో ఊడిపోయి మళ్లీ మొలవలేదు. వరదకు ఊరు కొట్టుకుపోయాక, బాసగూడ దారి పక్కన మెరక మీద బస్తరు దర్బారు ఇళ్ల వరస వేయించింది. కట్టుకునేవాళ్లకు తకావీ అప్పు ఇచ్చింది. ఆ వరసలో చాలా గోడలకు మట్టి తొక్కింది సోమే. అన్నీ కూలికి. ఈ ఒక్కటి తనది.

పైన ఇంకా తాటాకులే. లోపల మనుషులు కాపురం ఉంటేనే దర్బారు తరఫున నేల కొలిచే అమీను పెంకులకు అప్పు మంజూరు చేస్తాడు. లేకపోతే గోడలతో సహా ఇల్లు ఇంకొకరికి పోతుంది. ఆ అమీను ఇవాళే వస్తున్నాడు.

సోమికి మాత్రం ఈ ఇంట్లోకి రావాలంటే భయం. నిన్న సాయంత్రం కోడలు నందే నట్టింట్లో బియ్యపు గింజలు జంటలుగా పేర్చి, మీద ఆకుదొప్ప బోర్లించింది. చోటు మంచిదైతే తెల్లారేదాకా ఎక్కడి గింజ అక్కడే ఉండాలి. పెద్దలు ముందు గింజలు పెట్టి, ఆ తర్వాతే గుంజ పాతేవాళ్లు. ఇక్కడ అమీను తాడు పట్టి మేకులు కొట్టించాడు. గోడలు లేచాక గానీ గింజలు గుర్తుకు రాలేదు. పొద్దున దొప్ప ఎత్తితే ఒక గింజ జంటను వదిలి గడప వైపు వెళ్లి ఉంది.

కొడుకు సన్న నవ్వేశాడు. "చీమ పని అవ్వా. చీమకు భయపడి ఇల్లిడుస్తామా ఏంది?"

"చీమైతే తింటది. ఇది నడిచిందిరా," అంది సోమి.

సన్న కట్టెలకు అడవికి పోయాడు. గింజ నడిచిన చోట మొదట కన్నుమూసి పడుకున్నవాళ్లను ఆ చోటు తన దగ్గరే ఉంచేసుకుంటుందని సోమి తల్లి చెప్పేది. నందేకు నెలలు నిండాయి. ఎక్కడ ఒరిగితే అక్కడే కళ్లు మూతలు పడతాయి. వరద తర్వాత తలదాచుకున్న గుడిసెకు తిరిగి పోదామంటే అది ఏటి ఒడ్డునే ఉంది, వానలు దగ్గరపడ్డాయి. పసిగుడ్డుతో ఎలా? సోమి పొద్దుటి నుంచి కోడలిని నేల మీద కూర్చోనివ్వలేదు. నీళ్లకు పంపింది, గుమ్మం తుడిపించింది, తుడిచిందే మళ్లీ తుడిపించింది.

పక్కింటి వెంకమ్మ తడిక మీదుగా చూసి ఎత్తిపొడిచింది. "దర్బారు అల్లుడై నీకు ఇల్లు కట్టిస్తుంటే, కోడలిని నిలబెట్టి చంపుతవేందే?"

సోమి ఇంకో మట్టి ముద్ద తీసి గోడకు మెత్తింది. ఎడమ భుజం పొద్దుటి నుంచి లాగుతోంది. మట్టి మోసిన నొప్పే అనుకుంది.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి నందే గోడకు ఆనుకుంది. రెప్పలు వాలుతున్నాయి, మోకాళ్లు వంగుతున్నాయి. సోమి చప్పున లేచి ఆమె చేయి పట్టుకుంది.

"పొయ్యి ముట్టియ్యి పిల్లా. అమీనుకు పొగ కనబడాలె. నేను నడుం వాలుస్త."

"పగలు నువ్వు పడుకుంటవా అత్తా?"

"ముసలిదాన్ని కాలేదా ఏంది. నేను లేచేదాకా నువ్వు కూసోకు."

గింజలు పేర్చిన చోటే సోమి పక్కకు తిరిగి పడుకుంది. నేల పచ్చిగా, చల్లగా ఉంది. తట్ట చుట్టకుదురు తల కింద పెట్టుకుని చెవి ఆనిస్తే, కింద ఎవరో మట్టి తొక్కుతున్న చప్పుడు. తనకు తెలిసిన చప్పుడే. ముందు గబగబా తొక్కారు. తర్వాత నిదానించారు. అలిసిపోయినట్టున్నారు అనుకుంది. ఆగి, మళ్లీ ఒక్క అడుగు వేశారు.

పొద్దు వాలుతుండగా అమీను వచ్చాడు. వంగి లోపలికి చూశాడు. పొయ్యి మండుతోంది, కుండ ఉడుకుతోంది, ముసలమ్మ గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. లేపబోయిన నందేను ఆయన ఆపాడు.

"సోనే దో. పడుకోనీ. కాపురం ఉందనడానికి ఇంతకన్నా ఏం కావాలి?"

ద్వారబంధం మీద జేగురుతో గుర్తు పెట్టి తర్వాతి ఇంటికి నడిచాడు. కట్టెల మోపుతో వచ్చిన సన్న ఆ గుర్తు చూసి గుమ్మంలోంచే కేకేశాడు.

"అవ్వా, పెంకులొస్తున్నయ్. లే."

నందే వెళ్లి పాదం పట్టుకుంది. పచ్చిగోడంత చల్లగా ఉంది. ఆమె సన్నను పిలవలేదు. పొద్దుటి నుంచి అత్త తనను కూర్చోనివ్వని ఆ నేల మీద, ఆమె పక్కనే, పొట్ట పట్టుకుని నెమ్మదిగా కూర్చుంది.

మట్టి తట్ట మోయడానికి పాతచీర పేలికతో చుట్టుకున్న చుట్టకుదురు సోమి తల కింద నుంచి జారి గోడ వారకు దొర్లింది. అందులో తల ఆనిన గుంట ఇంకా అలాగే ఉంది.