నారుమడి వలలో మంగోలియా బాతు

తెలకపల్లి చెరువు కింద ఖాజా మియా యాసంగి నారు పోశాడు. పక్షులు తినకుండా మడి మీద పాత చేపల వల కప్పాడు. పొద్దున్నే భార్య లాల్‌బీతో వచ్చి చూసేసరికి అందులో ఒక పెద్ద బాతు చిక్కుకుని కొట్టుకుంటోంది. తెల్లటి తల మీద రెండు నల్ల చారలు. మెడకు పచ్చ పట్టీ, దాని మీద పరాయి అక్షరాలు. వీపున అగ్గిపెట్టెంత డబ్బా, దానికో సన్నటి తీగ.

పక్క పొలం మాసయ్య అప్పటికే ఫోన్‌లో ఫోటో తీశాడు.

"ఖాజా భాయ్, గిది జాసూసీ పిట్ట, గూఢచారిది. వాట్సాప్‌ల చూసిన, గిసొంటి పిట్ట దొరికితే ఒకన్ని పోలీసులు పట్కపోయిండ్రు."

"నాకేం తెల్వదు మాసన్నా. వల గట్టిన, అంతే."

"గామాట ఎవరింటరు?"

ఫోటో ఊరి గ్రూపులోకి వెళ్లిపోయింది. ఖాజా పొలంలోనేనా అని అడుగుతూ మెసేజ్‌లు మొదలయ్యాయి.

లాల్‌బీ భర్త చెయ్యి పట్టుకుంది. "జావేద్ అబ్బా, మన కొడుకును గూడ పట్కపోతరు. దాన్ని కోసి బొంద పెడ్దాం. డబ్బా చెర్ల ఇసిరేద్దాం."

ఆయన కొడవలి తీశాడు. బాతు మెడ వణుకుతోంది.

"డబ్బా బందైతే పోలీసులు సీదా ఈడికే వస్తరు," అని కొడవలి దించేశాడు.

అంతలో గట్టు మీద జీపు ఆగింది. ఖాకీ బట్టలు చూడగానే లాల్‌బీ కొంగు నోట్లో కుక్కుకుంది. దిగింది అటవీశాఖ అధికారి సుహాసిని. గ్రూపులో ఫోటో చూసి వచ్చింది.

"వల ఎవరు కట్టిండ్రు?"

"నేనే మేడం. నారు తింటయని. కావాలని పట్టలే."

ఆమె వల కత్తిరించి, బాతు రెక్కలు తడిమి చూసింది. ఫోటో చూసి మూగిన ఊరి జనం వైపు తిరిగింది.

"జాసూసీ ఏం గాదు. మంగోలియా నుంచి హిమాలయాలు దాటి వచ్చింది. ఎటు పోతుందో తెల్సుకోనీకి శాస్త్రవేత్తలు ఈ డబ్బా కట్టిండ్రు. ఇట్లాంటి పిట్టలను ఒక దేశం కాపాడితే ఇంకో దేశంల చంపుతుండిరి. అందుకే డెబ్బై తొమ్మిదిల జర్మనీల, బాన్ నగరంల, దేశాలు ఒప్పందం రాసుకున్నయి. ఎనభై మూడుల మనం చేరినం. మరుసటేడు పిట్టల కోసమే అప్పటి సోవియట్ రష్యాతోని వేరే ఒప్పందం జేసుకున్నం. దీన్ని కాపాడతమని మనం మాటిచ్చినం."

ఖాజా మియాకు ఇవేవీ ఎక్కలేదు. "నన్ను తీస్కపోతరా మేడం?"

"లేదు చాచా. వల మాత్రం తీసెయ్. మాసయ్యా, నువ్వు జరిగింది గ్రూపుల రాయి."

మాసయ్య తల వంచుకుని రాశాడు. కానీ ఫోటో అప్పటికే పక్క ఊళ్లకు పాకింది.

చెరువు ఒడ్డున వదిలితే బాతు కాసేపు కదల్లేదు. తర్వాత నీళ్ల మీద పరుగెత్తి లేచి, దూరంగా ఉన్న గుంపులో కలిసింది.

ఆ సాయంత్రం ఇంటి ముందు బండి ఆగిన చప్పుడైతే లాల్‌బీ తలుపుకు గొళ్లెం పెట్టి, వీపు ఆనించి నిలబడింది.

"అమ్మీ, నేను జావేద్‌ను, తలుపు తియ్యి," అని కొడుకు పిలుస్తున్నా, ఆ గొంతు గుర్తుపట్టడానికి ఆమెకు చాలాసేపు పట్టింది.