బావకి పనికిరాని చల్లదనం

ఇంట్లో అందరూ అతన్ని ఐసుబండి అనేవారు. ఆ పేరు పెట్టింది అతని అక్క మొగుడు, బావే. ఐసుబండి పెద్దాసుపత్రి ఐసీయూలో నర్సు. గుండె ఆగి, మళ్ళీ కొట్టుకున్నా స్పృహ రాని వాళ్ళ ఒంటికి చన్నీళ్ళు తిరిగే పట్టీలు చుట్టి, ఒక రోజంతా చల్లగా ఉంచి, తర్వాత మెల్లగా వెచ్చబరచడం అతని పని. అలా చేస్తే కొందరికి మెదడు దక్కుతుంది. ఆ కొందరి గురించి భోజనాల దగ్గర తెగ ఊదరగొట్టేవాడు. లేవగానే పెళ్ళాన్ని పేరు పెట్టి పిలిచిన మేస్త్రి, కాఫీలో పంచదార తక్కువైందని గొడవపడ్డ టీచరమ్మ. ఆ వైద్యం ఎవరికి పనికిరాదో మాత్రం ఒక్కనాడూ చెప్పలేదు. అన్నం తింటూ అలాంటి కబుర్లు ఎవరికి కావాలి?

ఇప్పుడు ఆ బావే అతని వార్డులో పడి ఉన్నాడు. ఆఫీసు మెట్ల మీద గుండె ఆగి, దొర్లుకుంటూ కింద పడ్డాడు. అంబులెన్సు వాళ్ళు గుండెని మళ్ళీ కొట్టుకునేలా చేశారు గానీ కళ్ళు తెరిపించలేకపోయారు.

అక్క పరుగున వచ్చి తమ్ముడి చేతులు రెండూ పట్టుకుంది. "నువ్వున్నావు కదరా, నాకేం భయం లేదు. ఆ పట్టీలేవో చుట్టెయ్యి."

అతను పట్టీలు తీసి సిద్ధంగా పెట్టాడు కూడా. ఇంతలో స్కానింగ్ వచ్చింది. మెట్లకి కొట్టుకుని తల లోపల రక్తం కారుతోంది.

"చల్లబరచొద్దు," అంది పెద్ద డాక్టరమ్మ. "ఒళ్ళు చల్లబడితే రక్తం సరిగ్గా గడ్డకట్టదు, కారేది ఇంకా కారుతుంది. జ్వరం రాకుండా చూద్దాం, అంతే."

ఆమె చెప్పకముందే అతను పట్టీలు పక్కన పెట్టేశాడు.

అదే పూట పక్క మంచం మీదికి ఒక లారీ డ్రైవరు వచ్చాడు. అతనికీ గుండె ఆగి కొట్టుకుంది గానీ తలకి దెబ్బ లేదు. బావ కోసం తీసిన పట్టీలు అతనికి చుట్టారు. చుట్టింది ఐసుబండే. అద్దం అవతల నిలబడి అక్క అంతా చూసింది.

"చల్లబరిస్తే బావకి ప్రాణం మీదికొస్తుందక్కా," అన్నాడు బయటికొచ్చి.

"మరి ఆ పక్క మంచం ఆయనకి రాదా?"

"ఆయన తలలో రక్తం కారడం లేదు."

"ఇన్నేళ్ళు చెప్పావు. ఈ రక్తం మాట ఎప్పుడూ చెప్పలేదే?"

అక్క గొంతు తగ్గించింది. "ఆ సంబంధం చెడిందని ఇంకా మనసులో పెట్టుకున్నావట్రా? నీ కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటాను."

అతనికి కుదరబోయిన సంబంధం వాళ్ళ ముందు, "మావాడిది రోగుల ఒళ్ళు తుడిచే ఉద్యోగం" అని బావ ఒకసారి వేళాకోళం చేశాడు. వాళ్ళు మళ్ళీ రాలేదు. అప్పటి నుంచి బావాబావమరుదుల మధ్య మాటలు అంతంతమాత్రమే. డాక్టరమ్మ వద్దన్నప్పుడు తన లోపల ఎక్కడైనా, ఏ మూలైనా, సంతోషం కదిలిందా అని అతను వెతుక్కున్నాడు. కదల్లేదు. కానీ అక్క అడిగాక, ఆ మాట నమ్మడం అతనికే కష్టమైంది.

జ్వరం పెరగకుండా బావ ఒళ్ళు తనే తడిగుడ్డతో తుడిచాడు. ఇంకొకరిని ముట్టుకోనివ్వలేదు. డాక్టరమ్మ అక్కని కూర్చోబెట్టి, చిన్నపిల్లకి చెప్పినట్టు అంతా విడమరిచి చెప్పింది. అక్క తల ఊపింది. ఎవరింటి విషయమో విన్నట్టు ఊపింది.

రెండు రోజులకి బావ పోయాడు. ఆ మధ్యాహ్నమే డ్రైవరు కళ్ళు తెరిచి, తన లారీ ఎక్కడని అడిగాడు.

అక్క వరండాలో కూర్చుని బావ చొక్కా మడతపెడుతోంది. అతను బావ చెప్పులు సంచిలో పెట్టుకుని పక్కనే నిలబడ్డాడు. అక్క అతని వైపు చూడటం లేదు. డ్రైవరు భార్య లోపలి నుంచి ఆనందంతో ఏడుస్తూ వచ్చింది. ఆమెకి బావ సంగతి తెలియదు.

"మీ తమ్ముడట కదమ్మా," అని అక్క చెయ్యి పట్టుకుంది. "ఎంత మంచి హస్తవాసో."

అక్క చొక్కా బొత్తాం ఒకటి పెట్టి, రెండోది పెడుతూ అంది. "అవునమ్మా. పరాయివాళ్ళకి చాలా మంచిది."