రూల్ అని చెప్పకండి

పరిశీలకుడు వెనక బెంచీ పక్కన కుర్చీ వేయించుకుని కూర్చునేసరికే ట్రెయినీ టీచరు ఆయన్ని గుర్తుపట్టింది. పోయినసారి పరీక్ష పాఠంలో ఆమెను ఫెయిల్ చేసింది ఈయనే. ఆ రోజు ఆమె ముచ్చటపడి తయారుచేసుకున్న వీడియో ఎంతకీ మొదలుకాలేదు, పిల్లలు ఈలలు వేశారు, ఈయన "హంగామా ఉంది, పాఠం లేదు" అని ఒక్క ముక్క రాసి లేచి వెళ్ళిపోయాడు. అన్యాయమనడానికి లేదు. నిజంగానే పాఠం లేదు. శిక్షణ కళాశాల ఇచ్చేవి రెండే అవకాశాలు, ఇవాళ్టిది రెండోది. ఇదీ పోతే చదివిన చదువంతా నీళ్ళపాలే.

అక్క ఇంట్లో ఉండి చదువుకుంటోంది. అక్క ఏమీ అనదు. బావ మాత్రం ఇంటికి ఎవరొచ్చినా "మా మరదలు, పర్మనెంట్ ట్రెయినీ" అని పరిచయం చేసి, తనే పగలబడి నవ్వుతాడు. మనిషి మంచివాడే, జోకులే మంచివి కావు. అలాంటివాడు ఈ పొద్దున ఆమె బయల్దేరుతుంటే ఒక్క జోకూ వెయ్యలేదు. దాంతో ఆమెకు ఉన్న ధైర్యం కూడా పోయింది.

ఏడో తరగతి, లెక్కల పీరియడు, మైనస్ సంఖ్యలు. ఈ తరగతి అసలు టీచరును పిల్లలూ తోటి టీచర్లూ కూడా "మేడమ్" అనే పిలుస్తారు. ట్రెయినీకి పని నేర్పుతున్నదీ ఆవిడే. జుట్టు నెరిసింది గానీ గొంతు నెరవలేదు. వరండా ఆ చివర ఆవిడ చెప్పుల చప్పుడు వినిపిస్తే ఈ చివర గది గప్‌చుప్. ఆవిడ చెప్పింది పిల్లలు రాసుకుంటారు, అప్పజెబుతారు, మార్కులు తెచ్చుకుంటారు. ఎదురు అడగడమనేది ఆ గదిలో లేదు. అడిగే పిల్ల ఒక్కతే ఉంది, మూడో బెంచీలో. ప్రతిదానికీ ఎందుకు, ఎందుకు అంటుందని తోటివాళ్ళు "ఎందుకమ్మ" అని పేరు పెట్టేశారు. పోయిన నెల ఆ అలవాటుకే మేడమ్ దాన్ని పీరియడంతా నిలబెట్టింది. అప్పట్నుంచి అదీ అడగడం మానేసింది.

అది చూసే ట్రెయినీకి ఈ ఆలోచన వచ్చింది. బడి బీరువాలో మూలుగుతున్న ట్యాబ్లెట్లను బయటికి తీయించింది. తలా ఒకటి ఇస్తుంది. అర్థం కానిది అందులో రాసి పంపితే ముందున్న పెద్ద తెర మీద కనిపిస్తుంది, రాసిందెవరో మాత్రం కనిపించదు. దీనికి "ప్రశ్నల గోడ" అని పేరు కూడా పెట్టింది. "ఆటలకి ఇంట్లో ఫోన్లు చాలవా?" అని మేడమ్ మూతి విరిచింది గానీ వద్దనలేదు.

పొద్దున్నే వచ్చి ఒక్కో ట్యాబ్లెట్‌కీ ఒక్కో పిల్ల పేరు ఎక్కించింది. ఒకటి మిగిలితే దానికి "మేడమ్" అని పెట్టి, "వెనక నుంచి అక్షరాలు కనిపిస్తున్నాయో లేదో కాస్త చూస్తుండండి మేడమ్" అని ఆవిడ చేతికిచ్చింది. తరువాత పేర్లు కనిపించకుండా చేసే బటన్ నొక్కింది.

"మీ పేర్లు ఎవరికీ కనపడవు. నాక్కూడా కనపడవు. మాట ఇస్తున్నా" అని పిల్లలకు చెప్పింది.

కాసేపు ఎవరూ ఏమీ రాయలేదు. తరువాత ఒకటి, ఆ వెనకే రెండు, చూస్తుండగానే గోడ నిండసాగింది. సున్నా కన్నా చిన్నది ఎలా ఉంటుంది? మైనస్ ఆపిల్ పండ్లు ఎక్కడ దొరుకుతాయి? పిల్లలు కిసుక్కున నవ్వారు. ఆమె ఒక్కోదానికీ జవాబు చెబుతూ పోయింది. పరిశీలకుడి కలం కదులుతోంది, మొహంలో చిరాకు లేదు. పర్వాలేదు, గట్టెక్కుతానేమో అనుకుంది.

అప్పుడు తెర మీద ఇంకొకటి వచ్చి పడింది.

"మైనస్‌ని మైనస్‌తో గుణిస్తే ప్లస్ ఎందుకొస్తుంది? రూల్ అని చెప్పకండి."

గది గొల్లుమంది. ఆమె మాత్రం నవ్వలేదు. ఎందుకంటే ఆమె చెప్పబోయింది అదే, రూల్ అని. ఆమెకు ఎవరూ అంతకుమించి చెప్పలేదు, ఆమె ఎవరినీ అడగలేదు. ఊపిరి తీసుకోవడానికి తన లాప్‌టాప్ వైపు చూపు తిప్పింది. అక్కడ చూస్తే, ప్రతి ప్రశ్న పక్కనా పేరుంది. పొద్దున నొక్కిన బటన్ పెద్ద తెర మీద పేర్లను దాచింది. టీచరు తెర మీద దాచడానికి వేరే బటన్ ఉంది. హడావుడిలో అది నొక్కనేలేదు.

ఆ ప్రశ్న పక్కన "మేడమ్" అని ఉంది.

తలెత్తి చూసింది. వెనక బెంచీలో మేడమ్ ట్యాబ్లెట్‌ను ఒళ్ళో బోర్లా పెట్టుకుని, కిటికీ వైపు చూస్తోంది.

"ఎవరా రాసింది?" పరిశీలకుడు గట్టిగా అన్నాడు. "రూల్ అని చెప్పకండి ఏమిటి? టీచరుతో మాట్లాడే పద్ధతేనా అది?"

పిల్లలు ఒక్కక్షణం కూడా ఆలోచించలేదు. "ఎందుకమ్మే సార్! ఇంకెవరు రాస్తారు!" మెడలన్నీ మూడో బెంచీ వైపు తిరిగాయి.

ఆ పిల్ల లేచి నిలబడింది. "నేను కాదు సార్" అంది. రెండోసారి అనబోయి ఏడ్చేసింది.

"నువ్వు కాకపోతే మరెవరు? ఏమ్మా, మీ దగ్గర పేరు రాదా?" అని ఆయన ట్రెయినీ వైపు తిరిగాడు.

రాదంటే సరిపోయేది. ఆ పిల్ల మీద పడ్డ నింద మాత్రం అలాగే ఉండిపోయేది. మేడమ్ కిటికీ వైపే చూస్తోంది. ట్రెయినీకి ఆవిడ మీద ఒళ్ళు మండింది. నోరు తెరవొచ్చుగా, చిన్నపిల్ల ఏడుస్తుంటే! మరుక్షణం జాలీ వేసింది. ఇన్నేళ్ళుగా ఈ పిల్లల ముందు కొండలా నిలబడ్డ మనిషి, తెలీదని ఏ నోటితో చెబుతుంది?

"ఈ అమ్మాయి కాదు సార్" అంది. "ఎవరో నాకు తెలుసు. చెప్పను."

ముందు బెంచీలో బొద్దుగా ఉండే పిల్లాడు మెల్లిగా అడిగాడు. "అయితే మీకు పేర్లు కనిపిస్తున్నాయా టీచర్? కనపడవన్నారుగా?"

ట్యాబ్లెట్లు ఒక్కొక్కటే బల్లల మీద బోర్లా పడసాగాయి. ఆ చప్పుడు ఆమెకు పోయినసారి ఈలల కన్నా ఎక్కువ బాధగా తగిలింది.

"కనిపిస్తున్నాయి. రెండు బటన్లుంటే ఒక్కటే నొక్కాను. తప్పు నాదే" అంది. లాప్‌టాప్‌లో ఉన్నదంతా చెరిపేసింది. రెండు బటన్లూ నొక్కి, తన తెరను ముందున్న పెద్ద తెర మీద అందరికీ చూపించి, "ఇప్పుడు ఎవరైనా ఒకటి పంపండి" అంది. "హాయ్" అని వచ్చింది. పక్కన పేరు లేదు. "నమ్మితే నమ్మండి, నమ్మకపోతే నా మొహం మీదే అడగండి. ఇంకో సంగతి. ఆ ప్రశ్నకి జవాబు నాకూ తెలీదు. రూల్ అనే చెప్పబోయాను."

పరిశీలకుడు కాగితం మీద ఏదో బరికాడు. పోయింది, ఎలాగూ పోయింది అనుకుంది. అలా అనుకున్నాక మనసు కొంచెం తేలికపడింది. నిన్న సాయంత్రం అక్క కూతురు ఫోన్‌లో చేసిన అల్లరి గుర్తొచ్చింది. వాళ్ళ నాన్న టీ తాగే వీడియోను వెనక్కి తిప్పి, టీ నోట్లోంచి కప్పులోకి పోతున్నట్టు చూపించి ఇల్లంతా నవ్వించింది.

వెనక్కి.

"ఒక్క నిమిషం" అంది. సుద్దముక్కతో నేల మీద పొడుగ్గా గీత గీసి, మధ్యలో సున్నా పెట్టింది. కిటికీ వైపు ప్లస్, తలుపు వైపు మైనస్. ఎందుకమ్మను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి సున్నా మీద నిలబెట్టింది. "కిటికీ వైపే చూస్తూ, ముందుకు నడువు." ఫోన్‌తో వీడియో తీసింది. "ఇప్పుడు కిటికీ వైపే చూస్తూ, వెనక్కి నడువు." అదీ తీసింది. ఫోన్‌ను తెరకు కలపడానికి రెండుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది.

"ముందుకు నడిస్తే ప్లస్. వెనక్కి నడిస్తే మైనస్. వీడియోని మామూలుగా వేస్తే ప్లస్, తిరగేసి వేస్తే మైనస్. సరేనా? ముందుకు నడిచింది, తిరగేశాను. ఎటు పోతోంది?"

"తలుపు వైపు! మైనస్!"

"ఇప్పుడు వెనక్కి నడిచిన దాన్ని తిరగేస్తున్నా. మైనస్, మళ్ళీ మైనస్." వేలు నొక్కే ముందు ఆగింది. తనూ ఎప్పుడూ చూడలేదు.

తెర మీద ఎందుకమ్మ తలుపు దగ్గర్నుంచి బయల్దేరి, దర్జాగా, కిటికీ వైపు నడుచుకుంటూ వచ్చింది.

"ప్లస్!" గది పైకప్పు ఎగిరిపోయేలా అరిచారు. బొద్దబ్బాయి బల్లెక్కేశాడు. ఎందుకమ్మ తెర మీది తనను నోరు తెరుచుకుని చూస్తోంది. ట్రెయినీకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమెకూ ఇప్పుడే తెలిసింది మరి.

పరిశీలకుడు గోల సద్దుమణిగేదాకా ఆగాడు. "బాగుందమ్మా. ఇది పాఠమే, కాదనను" అన్నాడు. "కానీ తరగతి మీద అదుపు అని ఒక గడి ఉంది. పేరు తెలిసి కూడా చెప్పనన్నారు. ఆ గడిలో సున్నా వేశాను. అందులో సున్నా వస్తే మిగతావి ఎన్నొచ్చినా తప్పినట్టే. ఇప్పటికైనా పేరు చెప్పండి, దిద్దుతాను."

చెప్పాలంటే ఒక్క మాట. అక్క మొహం కళ్ళముందు మెదిలింది. ట్రెయినీ ఆయన వైపు చూసి, అడ్డంగా తలూపింది.

"సరే, మీ ఇష్టం" అని ఆయన కాగితాలు సర్దుకోబోయాడు.

వెనక బెంచీ కిర్రుమంది. మేడమ్ లేచి నిలబడింది.

"నేను రాశానండీ అది" అంది.

పిల్లలకు ఆవిడ గొంతు అంత చిన్నగా కూడా ఉంటుందని అప్పుడే తెలిసింది.

"నాకు తెలీదు. ఉద్యోగంలో చేరిననాటి నుంచీ రూల్ అనే చెప్పుకొస్తున్నా. పోయిన నెల ఆ పిల్ల ఇదే అడిగితే, తెలీదనలేక నిలబెట్టాను." ఎందుకమ్మ వైపు తిరిగింది. "నువ్వేం తప్పు చెయ్యలేదే తల్లీ. ఇందాక నింద నీ మీద పడ్డప్పుడన్నా నోరు విప్పాల్సింది, ధైర్యం చాల్లేదు." మళ్ళీ పరిశీలకుడితో అంది. "ఈ అమ్మాయి నా పరువు కాపాడింది. సున్నా వెయ్యాలంటే నాకు వెయ్యండి."

ఆయన సర్దబోయిన కాగితాన్ని మళ్ళీ ముందుకు లాక్కున్నాడు. తరువాత ఆ గడిలో అంకెను కొట్టేసి, పక్కన ఇంకొకటి వేసి, కింద సంతకం పెట్టాడు.

మేడమ్ మాత్రం అటు చూడనే లేదు. ముందుకొచ్చి, బొద్దబ్బాయిని జరగమని, వాడి పక్కన బెంచీ మీద కూర్చుంది.

"ఆ చివరిది ఇంకోసారి వెయ్యమ్మా" అంది. "నాకు సరిగ్గా ఎక్కలేదు."