ఒక చెంబు ఎక్కువ

పొద్దున్నే స్నానాలగది తలుపు తీసి చూస్తే, డబ్బాలో మూత్రం ఉండవలసినదానికంటే ఎక్కువ ఉంది.

నేను పొరబడే అవకాశం లేదు. నిన్న పొద్దుటినుంచీ మా ఆయన మూత్రానికి వెళ్ళిన ప్రతిసారీ జగ్గులో పట్టింది, గీత చూసి డబ్బాలో పోసింది, మూత బిగించి ఐసు నింపిన బకెట్లో పెట్టింది నేనే. రాత్రి ఆయన లేచినప్పుడల్లా నేనూ లేచాను. చివరిసారి పోసినప్పుడు మట్టం డబ్బా పిడి కిందనే ఉంది. ఇప్పుడు పిడిలో సగానికి వచ్చింది. ఈ పొద్దుటిది ఇంకా కలపనేలేదు.

"ఏమండీ, నేను పడుకున్నాక మళ్ళీ లేచారా?" అని అడిగాను.

"నీకు తెలియకుండా దగ్గే ధైర్యం కూడా లేదు నాకు. ఏం, అల్లుడుగారికి ఏమైంది?" అన్నారు మంచం మీదనుంచే.

డబ్బాకి ఆ పేరు ఆయనే పెట్టారు. చల్లగా ఉంచాలి, కదపకూడదు, ఎవరూ తాకకూడదు, అన్ని మర్యాదలూ దానికే అని.

నాకు నవ్వు రాలేదు. ఆ డబ్బా మీదే మా ఆశంతా ఉంది. మా ఆయన దర్జీ. రెండు కిడ్నీలూ పాడై, ఒంట్లో ఉండవలసిన ప్రొటీను మూత్రంలో కారిపోతోంది. దాన్ని ఆపే కొత్త మందు ఒకటి మేం చూపించుకునే ఆసుపత్రి పరిశోధన విభాగంలో కొంతమందికి ఇచ్చి చూస్తున్నారు. ఒక పగలూ ఒక రాత్రీ కలిపి ఎంత ప్రొటీను పోతోందో కొలిచి, ఒక హద్దు దాటితేనే చేర్చుకుంటారు. పోయిన నెల మేమిచ్చిన డబ్బా పనికిరాదన్నారు. మనిషి ఒంటికి తగినంత మూత్రం అందులో లేదట. నిలదీస్తే ఈయన ఒప్పుకున్నారు. కొలతలిచ్చే ఆడవాళ్ళ ముందునుంచి డబ్బా పట్టుకుని నడవలేక, ఒకసారి దుకాణం వెనక సందులోకి వెళ్ళొచ్చారట. డాక్టరమ్మ దయతలచి ఇంకొక్క అవకాశం ఇచ్చింది. చేర్చుకోవడానికి ఈరోజే ఆఖరు. ఇది తప్పితే ఇక డయాలసిస్‌కి సిద్ధపడమని ముందే చెప్పింది.

వంటింట్లో మా అత్తగారు టీ వడపోస్తున్నారు. మా ఇంట్లో అందరికంటే ముందు లేచేది ఆవిడే.

"అత్తయ్యా, స్నానాలగదిలో డబ్బా ఎవరైనా ముట్టుకున్నారా?"

"ఎవరో ఎందుకు ముట్టుకుంటారమ్మాయ్? నేనే." ఆవిడ మొహంలో దాపరికమేమీ లేదు. "పోయినసారి తక్కువైందని తిప్పి పంపారని నువ్వే కదా నెత్తీనోరూ కొట్టుకున్నావు. ఇందాక చూస్తే ఈసారీ అంతంతమాత్రంగానే ఉంది. ఒక్క చెంబు కలిపాను."

"నీళ్ళా?"

"నీళ్ళు పోస్తే తెలిసిపోదూ? అంత తెలివితక్కువదాన్నా? నాదే పోశాను. వాడు నా కడుపున పుట్టినవాడేగా, నా రక్తమే కదా వాడిది! కలిసిపోతుంది."

కసరడానికి నోరు తెరిచాను గానీ, ఆవిడ టీ గ్లాసు నా చేతికిచ్చి, "అట్లా తెల్లబోతావేంటి, తాగు. మళ్ళీ ఎప్పుడు తింటావో ఏమో" అన్నారు.

గదిలోకి వచ్చి ఆయనకి చెప్పాను. ఆయన మంచం దిగి, జగ్గు తీసుకుని వెళ్ళి, ఆ పొద్దుటిది పట్టి తెచ్చి నా చేతికిచ్చారు.

"డబ్బాలో పొయ్యి. మూత పెట్టు. పదా."

"పదా ఏంటండీ?"

"ఇంకో డబ్బా నింపడానికి ఇంకో రోజు కావాలి. ఇంకో రోజు ఎక్కడుంది?"

బస్సులో డబ్బా సంచిని ఒళ్ళో పెట్టుకుని దారంతా ఆలోచించాను. మా అత్తగారి కిడ్నీలు నిక్షేపంలా ఉన్నాయి. ఆవిడ మూత్రంలో ప్రొటీను పోదు. కాబట్టి ఆవిడది కలిసినంతమాత్రాన ఈయన ప్రొటీను లెక్క పెరగదు, తరగదు. ఉన్నది ఉన్నట్టే తేలుతుంది. నేను కాలేజీలో చదువుకున్న కెమిస్ట్రీ ఇన్నాళ్ళకి అక్కరకొచ్చిందనిపించింది. ఆ మాటే ఆయన చెవిలో చెప్పాను. ఆయన ఊపిరి వదిలి, నా భుజానికి తల ఆనించారు. ఎన్నాళ్ళయిందో ఆయన అలా ఆని.

పరిశోధన విభాగంలో నర్సు డబ్బాని ఎత్తి చూసి, "భేష్, ఈసారి బుద్ధిగా పట్టారే" అంది. ఆయనకి రక్తం తీసింది. సీసా మీద చీటీ అంటిస్తూ తన ధోరణిలో తను చెప్పుకుపోతోంది.

"ఇంక డోసు తేలడమే ఆలస్యం. రక్తంలో క్రియాటినిన్ అనే మలినం ఎంతుంది, ఈ డబ్బాలోకి ఎంతొచ్చింది, రెండూ చూస్తే కిడ్నీలు ఏపాటి పనిచేస్తున్నాయో తెలుస్తుంది. బాగా పనిచేసేవాళ్ళకి ఎక్కువ మందు, లేనివాళ్ళకి తక్కువ."

ప్రొటీను సంగతి ఆలోచించాను గానీ ఇది ఆలోచించలేదు. క్రియాటినిన్ అందరి మూత్రంలోనూ ఉంటుంది. మా అత్తగారి చెంబులోనూ ఉంటుంది. అదీ కలిస్తే ఈయన కిడ్నీలు ఉన్నదానికంటే బాగా పనిచేస్తున్నట్టు తేలుతుంది.

"సిస్టర్, పనిచేయని కిడ్నీలకి పొరపాటున ఎక్కువ డోసు పడితే?"

"ఉన్న కాస్తా పోతుంది. అందుకే కదమ్మా, చుక్క పోకుండా పట్టమని మీ ప్రాణాలు తీసేది."

బల్ల కింద ఆయన నా మణికట్టు పట్టుకున్నారు. గట్టిగా పట్టుకున్నారు. వద్దని. నేను ఆయన వైపు చూడలేదు. చూస్తే చెప్పలేనని తెలుసు.

"ఇందులో మా అత్తగారిది కూడా ఉంది సిస్టర్" అన్నాను.

నర్సు నవ్వలేదు. చీటీ అంటిస్తున్న చెయ్యి ఆగిపోయింది. "అయ్యో, ఎంత పని చేశారమ్మా!" అంటూ డాక్టరమ్మని పిలుచుకొచ్చింది.

డాక్టరమ్మ అంతా విని, ఈ పరిశోధన నడిపే పెద్దాఫీసుకి మా ముందే ఫోను చేసింది. ఫోను పెట్టేసి తల అడ్డంగా ఊపింది.

"ఒక్క రోజండీ. ఆయన్ని ఇక్కడే కూర్చోబెట్టండి, మీ కళ్ళముందే పట్టిస్తాను. రేపు ఈపాటికి అయిపోతుంది" అన్నాను.

"నా చేతుల్లో ఉంటే అడిగించుకుంటానా? సాయంత్రంతో చేరికలు ఆపేస్తారు. ఈ చోటు కోసం ఇంకో ఊళ్ళో ఇంకెవరో ఎదురుచూస్తున్నారు."

"మీ కాళ్ళు పట్టుకుంటాను డాక్టర్."

"అంత మాట అనకండమ్మా" అని ఆవిడ ముఖం తిప్పుకుంది.

నర్సు డబ్బా మూత తీసి తొట్టిలో వంచింది. ఖాళీ కావడానికి చాలాసేపు పట్టింది. డాక్టరమ్మా, మేమిద్దరమూ నిలబడి ఆ చప్పుడే విన్నాం.

బయట వరండాలో ఆయన గోడకి ఆనుకుని అన్నారు. "నువ్వు నోరు మూసుకుని ఉంటే పోయేదేముంది?"

"మీరు" అన్నాను.

పక్క గదిలోకి పిలిచారు. అక్కడ వేరే నర్సు. డయాలసిస్‌కి రక్తం తీసి మళ్ళీ ఎక్కించే దారి వేయాలంటే చేతిలో రక్తనాళాలు చెడకుండా ఉండాలట. ఆయన రెండు చేతులూ బల్ల మీద పెట్టించి, తిప్పి, నొక్కి చూసింది.

"ఏం పని చేస్తారు?"

"దర్జీ" అన్నాను నేను.

"కత్తెర ఏ చేత్తో పడతారు?"

"కుడిచేత్తో" అన్నాను.

"అయితే ఎడమచెయ్యి అట్టిపెడదాం." ఎడమ మణికట్టుకి ఒక పట్టీ కట్టింది. "ఇకమీదట ఈ చేతికి ఎవరినీ సూది పొడవనివ్వకండి. బి.పి. కూడా చూడనివ్వకండి. బరువులెత్తకండి."

ఆయన ఆ పట్టీ వైపే చూస్తూ ఉన్నారు. ఎంతసేపటికో తలెత్తి, నర్సుతో కాదు, నాతో అన్నారు.

"గుడ్డ పట్టేది ఎడమచేత్తోనే కదే."

"అవునండీ" అన్నాను.