గుర్వమ్మ నలభై సెకన్లు

ముప్పయ్యో సెకనులో కింది పెదవి కొరుక్కుంటుంది, సరిగ్గా అక్కడే అందరూ దుఃఖం అనే మీట నొక్కుతారు, ఒక్కరూ తప్పరు, బస్సు చౌటుప్పల్ దాటింది, ఎండ కిటికీలోంచి ఒళ్ళోకి జారింది, సంచిలో కాగితం ఉందా, ఉంది, సిరా డబ్బా ఉందా, ఇందాకే చూసింది కదా, మళ్ళీ ఎందుకు తడుముకోవడం, ఆ కాగితం మీద గుర్వమ్మ వేలిముద్ర పడితే రేపే క్యాసెట్ నకలు బెంగుళూరు ల్యాబుకు పోతుంది, అక్కడా మనుషులు స్కానింగ్ యంత్రంలో పడుకుని తలపైన అద్దంలో అదే ముఖం చూస్తారు, ఎదుటి మనిషి మనసు పోల్చుకునేటప్పుడు మెదడులో ఏ మూలకు నెత్తురు ఉరుకుతుందో యంత్రం బొమ్మ తీస్తుంది, రెండేళ్ళుగా హైదరాబాదులో మెహరాజ్ చేస్తున్న పని అదే, ఆమె పీహెచ్‌డీ మొత్తం ఆ క్యాసెట్ మీదే నిలబడి ఉంది, అందులో ఆరు ముక్కలు, ఐదు నటులవి, ఒక్కటే నిజం మనిషిది, కట్టంగూర్ గుర్వమ్మది, నలభై సెకన్లు, మాట వినిపించదు, ముఖం ఒక్కటే.

కొత్తవి తీద్దాం సార్ అని ఒకసారి అంది, గైడు అమరేందర్ సార్ నవ్వేశాడు, ఎందుకమ్మా, ఎనభై ఏడుల నేనే పోయి తీసిన, ఇప్పటికి నాలుగు ల్యాబులు వాడినయి, అందరూ ఒక్కటే బొమ్మ చూస్తెనే గద ఒకరి ఫలితం ఇంకొకరి ఫలితం పక్కన పెట్టి చూసేది, నిజమే, ఆ మాటలో తప్పేం లేదు, కాని ఆనాడు గుర్వమ్మను అనుమతి అడిగిన కాగితం లేదు, బెంగుళూరు వాళ్ళు అది కావాలంటున్నారు, అందుకని పదకొండేళ్ళ తర్వాత ఈ ప్రయాణం, అసలు మనిషి బతికే ఉందా, ఉంటే గుర్తుపట్టగలదా, ఇదేం అనుమానం, జడ్చర్లలో ఉన్న అమ్మ ముఖం కన్నా ఎక్కువసార్లు చూసిన ముఖం, రెప్ప ఎప్పుడు వాలుతుందో తెలుసు, ఎడమ చెంప మీది మచ్చ తెలుసు, గొంతు మాత్రం తెలియదు, ఆ సంగతి ఇప్పుడే తట్టింది, చిట్యాల పోయింది, నార్కట్‌పల్లి పోయింది, కండక్టర్ అరుస్తున్నాడు, కట్టంగూర్, కట్టంగూర్, దిగేటోళ్ళు ముంగటికి రాండ్రి.

వాకిట్లో ఆముదం కాయలు ఎండబోస్తున్న మనిషి తలెత్తింది, జుట్టు నెరిసింది, మచ్చ అక్కడే ఉంది, మెహరాజ్ కాళ్ళు నిలిచిపోయాయి, ఎవలు బిడ్డా, ఎవల కోసం వచ్చినవ్, ఇంత బొంగురు గొంతా ఈమెది, నీ కోసమే పెద్దమ్మా, హైదరాబాద్ నుంచి వచ్చిన, అప్పట్ల ఒక సారు కెమెరా పట్టుకొని వచ్చిండు యాదికుందా, మీ ఆయన పోయిన సంగతి అడిగిండు, గుర్వమ్మ చేట కింద పెట్టింది, గుమ్మంలోంచి లోపలికి ఒక చూపు చూసింది, లోపల మంచం మీద ఎవరో ముసలామె ముసుగు తన్ని పడుకుని ఉంది, మెహరాజ్ వచ్చిన పని చెబుతోంది, తను చెబుతున్నది తనకే వింతగా వినిపిస్తోంది, వందలమంది నీ మొకం జూసి నీ దుఃఖం పోల్చుకున్నరు పెద్దమ్మా, గుర్వమ్మ దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి, గది దుఃఖం గాదు బిడ్డా, నవ్వాపుకున్న, అంది.

నవ్వా, అవును నవ్వే, బావిల పూడిక తీస్తుంటె గోడ కూలి మా యాదయ్య పోయి అప్పటికి మూన్నెల్లు, సారు ఎదురుంగ కూసుండి మొకం చిన్నగ జేసుకొని తర్వాతేమైందమ్మా అనవట్టె, ఆయన ఎన్క మా మ్యాక సంచిల మూతివెట్టి కాయితాలన్ని నమిలి మింగవట్టె, మొగడు సచ్చిన ముచ్చట జెప్పుకుంట నవ్వితె లోకం ఏమంటది, పెదిమె కొరుక్కున్న, గది యాదయ్య చేతులల్ల పెరిగిన మ్యాక, ఆయనుంటె పడి పడి నవ్వేటోడు గద అనిపించె, గప్పుడు నీళ్ళొచ్చినయి, నవ్వో ఏడుపో నాకే ఎర్కలేదు, గని ఇది నీ కాయితాలల్ల రాయకు, మా అత్త నర్సింగమ్మ గప్పుడు పక్కనే ఉండె, కొడుకును మింగిన దానివని మూన్నెల్లు నాతోని మాట్లాడలే, ఆ దినం నా కన్నీళ్ళు సూసి దగ్గరికి దీసుకున్నది, అప్పటి సంది ఒక్క కుండల తింటున్నం, నవ్విన్నని తెలిస్తె గీ ముసలితనంల ఆమె పానం ఏమైతదో, ముద్రనా, ఎందుకెయ్య, చాయ్ తెస్త ఆగు, తాగినంక వేస్త, అని పొయ్యి వైపు పోయింది.

ముప్పయ్యో సెకను, ఆ పెదవి, నాలుగు ల్యాబులు, ఒక్కరూ తప్పని జవాబు, అందరూ తప్పిన జవాబు, తనూ మొదటి రోజు యంత్రంలో పడుకుని దుఃఖం అనే నొక్కింది, కళ్ళు కూడా తుడుచుకుంది, రెండేళ్ళు, నిజం రాస్తే మాత్రం ఏమవుతుంది, ఇంగ్లీషు కాగితం కట్టంగూర్‌లో ఎవరు చదువుతారు, కాని ఆమె రాయకు అంది, రాయకపోతే అబద్ధమే బెంగుళూరు పోతుంది, ముద్ర తీసుకుని నోరు మూసుకుంటే ఎవరికీ నష్టం లేదు, నిజంగా లేదా, అప్పుడే లోపలి మంచం కిర్రుమంది, ఓ పిల్లా, ఇటు రా, మ్యాక ముచ్చట జెప్పిందా, మెహరాజ్ గుమ్మం దగ్గరికి పోయింది, నర్సింగమ్మ ముసుగు తీసి బోసినోటితో నవ్వుతోంది, నేను సూడలే అనుకుంటది అది, నేను గాడనే నిలవడితి, నాకూ నవ్వాగలే, కొంగు నోట్లె కుక్కుకున్న, అటెన్క దాని మొకం జూసిన, నాకు నా కొడుకు యాదికొచ్చినట్టే దానికీ యాదికొచ్చిండని తెలిసిపాయె, ఇంకేం కోపం జేస్త, నాకెర్కున్నట్టు దానికి జెప్పకు బిడ్డా, సిగ్గువడ్తది.

చాయ్ నాలుక కాల్చింది, సిరా డబ్బా తెరవలేదు, ముద్ర వద్దు పెద్దమ్మా, ఈ బొమ్మ ఇగ ఎవరికీ పంపం, నా చదువుల కెల్లి కూడ తీసేస్త, సారుకు నేను జెప్పుకుంట, అయ్యో గింత దూరం వచ్చి ఉత్త చేతులతోని పోతవా అంటూ గుర్వమ్మ రోడ్డుదాకా వచ్చింది, బస్సు కదిలింది, సార్ అరుస్తాడు, పిచ్చిదానివా అంటాడు, ఆరులో ఒకటి తీసేస్తే లెక్కలన్నీ మొదటి నుంచి, ఇంకో ఏడాది, అమ్మకేం చెప్పాలి, చదువు ఇంకెన్నాళ్ళే మెహరాజ్ అంటుంది, అననీ, మిగతా ఐదు మాత్రం ఏమిటి, ఆ నటులు దేన్ని చూస్తూ ఏడ్చారో ఎవరడిగారు, యంత్రంలో పడుకున్నవాళ్ళ తప్పేముంది, వాళ్ళకు చూపించింది ముఖం ఒక్కటే, ముసలామె బడికి పోలేదు, అయినా గుర్వమ్మ ముఖాన్నీ చూసింది, ముఖం ముందున్నదాన్నీ చూసింది, ఆ చనిపోయినవాడు తన కొడుకే, అందుకే పోల్చుకుంది, మెహరాజ్ కిటికీకి తల ఆనించింది, గుర్వమ్మ ముఖం తెలియాలంటే గుర్వమ్మ చూస్తున్న వైపు చూడాలి, ఆ వైపున కాగితాలు నములుతున్న మేక ఉంది, పడి పడి నవ్వే యాదయ్య ఉన్నాడు, కొంగు నోట్లో కుక్కుకున్న అత్త ఉంది, క్యాసెట్‌లో వాళ్ళెవరూ లేరు.