గోడ మీది డిస్ప్యూట్

మేకుల బావ తిన్నింటి వాసాలు లెక్కపెట్టే రకమని పెయింటరుకు అక్క పెళ్లయిన ఏడాదే తెలిసింది. తెలిసి చేసేదేముంది. మేకులూ చువ్వలూ అమ్మే ఆ కొట్టు మీద బోర్డు కూడా పెయింటరు ఊరికే రాసిచ్చినదే.

అమ్మ పోయాక మిగిలిన ఖాళీ స్థలంలో అక్కకు సగం, తమ్ముడికి సగం. గోడల మీద అక్షరాలు రాసి రాసి పెయింటరుకు చెయ్యి వణకడం మొదలైంది. తన సగం అమ్ముకుని, ఒకచోట కూర్చుని రంగుల డబ్బాలు అమ్ముకోవాలని ఆశ. బేకరీ ఆయన కొంటానన్నాడు, ఆదివారం పొద్దున వచ్చి చూస్తానన్నాడు.

శనివారం సాయంత్రం పెయింటరు వెళ్లేసరికి ప్రహరీ మీద ఎర్రగా రాసి ఉంది. ‘ఈ స్థలం డిస్ప్యూట్‌లో ఉంది. కొనరాదు.’

ఆ మాట అతనికి కొత్త కాదు. బడి అయిదో క్లాసుతో మానేసినా, కూలికి ఎన్ని గోడల మీద రాశాడో. మొదటిసారి రాయించుకున్న ముసలాయన్ని అడిగాడు కూడా.

“డిస్ప్యూట్ అంటే గొడవేనా తాతా?”

“గొడవ కాదు నాయనా. గొడవైతే తిట్టుకుంటారు, కొట్టుకుంటారు, ఏదో ఒకటి తేలుద్ది. ఇది తేలదు. ఒకడు కాదంటే చాలు, రెండోవాడు నోరు విప్పక్కర్లేదు.”

ఇప్పుడు తన స్థలం గోడ మీదే ఆ మాట. పెయింటరుకు కోపం రాలేదు. చూపు అక్షరాల మీదే ఆగిపోయింది. బావ ఎవడో చేతగానివాడి చేత రాయించాడు. ‘డ’ పొట్ట అణిగిపోయింది, వరస కిందికి జారింది, రంగు కారింది.

సైకిలు సంచిలోంచి బ్రష్షు తీశాడు. కారిన రంగు తుడిచాడు, వరస దిద్దాడు, ప్రతి అక్షరానికీ నల్లని నీడ పెట్టాడు. చెయ్యి ఒక్కసారీ వణకలేదు. సున్నం పూసి చెరిపేయాల్సిందని ఇంటికెళ్లి చేతులు కడుక్కుంటుంటే తట్టింది. పొద్దున్నే పూద్దాంలే అనుకున్నాడు.

సున్నం బకెట్టుతో వెళ్లేసరికి బేకరీ ఆయన, బావ గోడ ముందే నిలబడి ఉన్నారు.

“రా బావమరిదీ, నీకోసమే చూస్తున్నాం. ఇది నేను రాయించానంటావేమో. ఎవరి చేతిరాతో ఆయన్నే చెప్పనీ.”

“నువ్వు రాసిన మా బోర్డు మీద నీడ కూడా ఇట్లాగే ఉంటది,” అన్నాడు బేకరీ ఆయన. “డిస్ప్యూట్ ఉందని నువ్వే రాసుకుని, నాకెట్లా అమ్ముతావయ్యా?”

“అక్షరాలు బాలేవని దిద్దానండి.”

బావ నవ్వాడు. “విన్నారా. కొంప తగలబడుతుంటే గుమ్మానికి రంగేశాడంట.”

బేకరీ ఆయన నవ్వలేదు, ఆగలేదు.

ఆ తర్వాత కొనడానికి ఎవరూ రాలేదు. బావ ఇనుప చువ్వలు రెండు వాటాల్లోనూ పరుచుకున్నాయి. అక్కను అడిగితే, “డిస్ప్యూట్ తేలేదాకా ఉండనీరా,” అంది. సరేనన్నాడు. నిచ్చెన భుజాన వేసుకుని ఆ గోడ పక్కనుంచే పనికి పోతుంటాడు. ఎరుపు ఇంకా వెలవలేదు. దాని వెనక అతని వాటా తొంభై ఆరు గజాలు.