రేవిన్ ఇచ్చిన జాకెట్

రేవిన్ డ్రయ్యరు తలుపు తీసి జాకెట్‌ను రెండు చేతుల మీదికి లాక్కుంది. దానితోపాటు, లోపలి నూగు ముద్దకట్టకుండా వేసిన మూడు టెన్నిస్ బంతులు నేల మీద పడి బల్ల కిందికి దొర్లాయి. వాటిని తర్వాత ఏరుకోవచ్చని జాకెట్‌ను కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. కుట్టుకూ కుట్టుకూ మధ్య అరల్లో బాతు నూగు సమంగా పరుచుకుందో, ఎక్కడైనా ముద్దకట్టిందో అలా చూస్తేనే తెలుస్తుంది. ఎడమ భుజం దగ్గర ఒక అరలో ముద్ద నల్లగా కనిపించింది. దాన్ని రెండు వేళ్ల మధ్య పట్టుకుని, చిక్కుపడిన జుట్టు విడదీసినట్టు ఓపిగ్గా విడదీసింది. తర్వాత జాకెట్‌ను బల్ల మీద పరిచి, అరచేతిని వీపు భాగాన గట్టిగా అదిమి తీసేసింది. మూడు లెక్కపెట్టేలోగా నూగు పొంగి పైకి లేచింది. బతికే ఉంది. హ్యాంగరుకు తగిలించి రెండోది తీసుకుంది.

సరస్సు ఒడ్డున ఉన్న టే అనౌ ఊళ్లో, కొండలెక్కేవాళ్లకు సామాను అద్దెకిచ్చే దుకాణం వెనక గది అది. పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు. ఉన్న ఒక్క కిటికీలోంచి చెత్తడబ్బాలు, బస్సు ఆగే చోటు కనిపిస్తాయి. మూడు గోడలకూ జాకెట్లు వేలాడుతుంటాయి, భుజం భుజం ఆనించి నిలబడ్డ మనుషుల్లా. ఇరవై రెండేళ్లుగా రేవిన్ వాటి మధ్య పక్కకు తిరిగి నడుస్తోంది. ఇప్పుడు యాభై ఎనిమిదేళ్లు. పొట్టి మనిషి, నడుము లావు, మోకాళ్లు చలికి పట్టేస్తాయి. సబ్బునీళ్లకు వేళ్ల చివర్లు పగిలి, సన్నని గీతలు పడి ఉంటాయి. ఇన్ని వేలమందిని కొండల్లోకి పంపిన ఆ మనిషి, నడకదారి మొదట్లో ఉన్న తాళ్లవంతెన దాటి ఒక్కసారి కూడా అవతలికి వెళ్లలేదు. వంతెన ఊగుతుంది.

తొమ్మిదిన్నరకు క్వీన్స్‌లాండ్ నుంచి వచ్చిన దంపతులు కౌంటరు దగ్గర నిలబడ్డారు. ఆయన చేతిలో అన్నిటికంటే లావుపాటి ఎర్ర జాకెట్ ఉంది.

"ఇది చాలు. చూడగానే వెచ్చగా ఉంది," అన్నాడాయన.

"చూసేవాళ్లకు వెచ్చగానే ఉంటుంది. మీరు దీన్ని రోజంతా వీపున మోయాలి," అంది రేవిన్. "తొడుక్కుని నడవడానికి కాదిది. నడుస్తుంటే చెమటపట్టి లోపల తడిసిపోతుంది. ఆగినప్పుడు తొడుక్కోవాలి. అంటే మిగతా అంతసేపూ సంచిలోనే ఉంటుంది."

పలుచటి నల్లది ఒకటి తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని గాల్లో ఊపి చూశాడు.

"ఇది జాకెట్టా, దిండు గలేబా?"

"తొడుక్కుని, ముందు చేతులు పైకెత్తండి."

ఎత్తాడు. జాకెట్ అంచు నడుము దాటి పైకి పోలేదు. రేవిన్ అతని మణికట్టు దగ్గర వేలు దూర్చి చూసింది, గొంతుదాకా జిప్పు లాగింది, తల మీదికి టోపీ కప్పింది, పైన వానకోటు తొడిగించి భుజాల దగ్గర బిగుసుకుందేమో తడిమింది.

"ఇందులో నూగు లేదు, పాలిస్టర్ దూది ఉంది. తడిసినా కాస్త వేడి నిలుపుతుంది. రేపు మధ్యాహ్నం నుంచి వానంటున్నారు. నూగు తడిస్తే చచ్చినట్టే."

"ఇంట్లో నేను కూడా ఇలా చెయ్యెత్తమంటే ఎత్తుతాడేమో అడగండి," అంది ఆయన భార్య.

ఆవిడ నవ్వింది, ఆయన నవ్వాడు. రేవిన్ మాత్రం అతని చేతి ఉంగరం చూస్తోంది. చలికి వేళ్లు వాస్తే ఉంగరం బిగుస్తుంది, తీసి భద్రంగా పెట్టుకోమని చెప్పింది. వాగులో నీళ్లు మోకాలు దాటితే వెనక్కి రమ్మంది. దారిలో రాత్రికి ఆగే గుడిసెలో పొయ్యి వెలిగిస్తే తలుపు కాస్త తెరిచి ఉంచమంది. వాళ్లు తలుపు దాకా వెళ్లాక కూడా ఇంకో మాట గుర్తొచ్చి పిలిచింది. చెప్పకుండా వదిలేసిన మాటే రేపు ఎవరి ప్రాణం మీదికి తెస్తుందో, ఎవరికి తెలుసు.

పదకొండేళ్ల కిందట ఒక జాకెట్ పోలీసుల ప్లాస్టిక్ సంచిలో తిరిగొచ్చింది. దాన్ని అద్దెకిచ్చింది రేవినే. మంచి నూగు జాకెట్, కుర్రాడు అందంగా ఉన్నాడు, వద్దన్నా వినకుండా అదే కావాలన్నాడు. వాగు దాటుతూ జారాడు. రాత్రంతా తడిబట్టల్లో ఉండి, తెల్లారేసరికి పోయాడు. సంచి విప్పితే లోపలి నూగంతా నానిన రొట్టెలా ఉంది, ఎత్తబోతే పసిపిల్లంత బరువు. ఎవరి కొడుకో. రేవిన్ దాన్ని ఉతికి, నాలుగుసార్లు ఆరబెట్టి, ఆ తర్వాత ఏం చెయ్యాలో తెలియక కూర్చుంది. ఆ రోజు ఇంటికి వెళ్లి, పన్నెండేళ్ల కూతురు బ్రయోనీ మంచం పక్కన నేల మీద పడుకుంది. భర్త గ్యారీ అప్పటికే ఆస్ట్రేలియా గనుల్లో పనికని వెళ్లి అక్కడే ఇంకో ఇల్లు పెట్టుకున్నాడు. ఇంట్లో ఉన్నది ఇద్దరే మనుషులు. అందులో ఒకరు పోతే మిగిలేది ఎంతో లెక్కవేయనవసరం లేదు.

ఆ పన్నెండేళ్ల పిల్లకు ఇప్పుడు ఇరవై మూడు. బడి అయిపోయినప్పటి నుంచీ ఎదురుగా ఉన్న బేకరీలో పిండి పిసుకుతోంది. వెళ్లేది తల్లి కిటికీ ముందు నుంచే, వచ్చేదీ అక్కడి నుంచే. ఆరు నెలల కింద తల్లికి చెప్పకుండా ఒక శిక్షణకు పేరు రాయించుకుంది. చలికాలం కొండల్లో ఆరు రోజులు, మంచులో గుడారాలు. అందులో నెగ్గితే అటు నుంచి అటే ఉత్తరాన కొండల్లో యాత్రికులు దిగే ఒక బసలో పని. ఇల్లు, తిండి వాళ్లే ఇస్తారు. బస్సు ఈ రోజు ఒంటిగంటకు.

పదకొండు గంటలకు బ్రయోనీ వచ్చింది, చేతిలో కాగితపు పొట్లం. వేడి చీజ్ రోల్స్ వాసన గదంతా పట్టింది.

"తిను. పొద్దున్నుంచీ ఏం తినుండవు," అంది.

"నీ సంచిలో గ్లవ్స్ రెండు జతలున్నాయా?"

"మూడు. జాకెట్ ఒక్కటే తక్కువ. అమ్మా, బాధపడుతూ ఇవ్వకు. మామూలుగా, ఎవరికో ఇచ్చినట్టు ఇవ్వు."

రేవిన్ గోడవైపు తిరిగింది. బ్రయోనీకి సరిపోయేవి నాలుగున్నాయి. ఏది ఇవ్వాలో కళ్లు మూసుకుని చెప్పగలదు. అయినా ఆమె చెయ్యి వాటిని దాటి, పనికిరానివి పడేసే పెట్టెలోకి వెళ్లింది.

రెండు రోజులుగా ఆ ఆలోచన ఆమె లోపల మెదులుతోంది. పెట్టెలో ఒక నీలం జాకెట్ ఉంది. ఎవరో దాన్ని మామూలు బట్టల సబ్బుతో ఉతికి, పొయ్యి మీద ఆరబెట్టారు. పైగుడ్డ కొత్తదానిలా నిగనిగలాడుతుంది, లోపల నూగు మాత్రం చచ్చిపోయింది. బస్సెక్కే ముందు శిక్షకుడు రావిరి అందరి సామాను బల్ల మీద పోయించి చూస్తాడు. జాకెట్‌ను అదిమి చూస్తాడు. లేవకపోతే ఇంటికే. పోయిన ఏడాది ఒకతన్ని ఇలాగే ఆపేశాడు, మారుమాటకు తావివ్వలేదు. శిక్షణ మళ్లీ వచ్చే ఏడాదే. వచ్చే ఏడాదికి ఎవరు ఎలా ఉంటారో. ఒక ఏడాది అంటే మూడువందల అరవై అయిదు రాత్రులు, పిల్ల పక్క గదిలో నిద్రపోయే రాత్రులు.

"నీలం," అంది రేవిన్.

బ్రయోనీ తొడుక్కుంది. చేతులు పైకెత్తమని చెప్పకుండానే ఎత్తింది. చిన్నప్పుడు చలికోటు తొడిగేటప్పుడు కూడా అలాగే ఎత్తేది. రేవిన్ జిప్పు గొంతుదాకా లాగింది.

"ఎంత తేలిగ్గా ఉందో. ఒంటి మీద ఉన్నట్టే లేదు."

"తేలిగ్గా ఉండటమే మంచిది," అంది రేవిన్. తన గొంతు తనకే ఎవరిదోలా వినిపించింది.

పన్నెండుకు బయట పొడవాటి బల్లల మీద ఆరుగురి సామాను పరిచారు. నీళ్ల గుంటల మీద గడ్డకట్టిన మంచు ఇంకా కరగలేదు. రావిరి నలభైకి దగ్గరపడ్డ మనిషి, పెద్ద భుజాలు, చెవి మీద పెన్సిలు. కిటికీ అంగుళం తెరిచి, లోపల బంతులు ఏరుతున్నట్టు వంగి రేవిన్ అన్నీ వింటోంది.

"జీన్స్ ఎందుకు బాబూ? పైన పెళ్లిచూపులున్నాయా? తీసెయ్. గొడుగా? ఈ గాలికి గొడుగు పట్టుకున్నవాడు సరస్సు అవతల దిగుతాడు." ఒక్కొక్క జాకెట్‌ను అరచేత్తో అదుముతూ వస్తున్నాడు. ఒకామె జాకెట్ దగ్గర ఆగి, రెండుసార్లు అదిమి చూసి, ఊఁ అన్నాడు. తర్వాత బ్రయోనీ.

నీలం జాకెట్ మడత ఎత్తాడు. "ఇది ఆంటీ ఇచ్చిందేనా?"

"అవును."

"ఆంటీ ఇచ్చినదాన్ని నేను అదిమి చూస్తే ఆవిడ నా వేళ్లు విరుస్తుంది," అంటూ దాన్ని అలాగే కింద పెట్టేసి కాగితం మీద టిక్కు కొట్టాడు. "సొంత కూతురికి ఇచ్చింది మళ్లీ నేను చూడాలా? తర్వాత ఎవరు?"

రేవిన్ చేతిలో బంతి అలాగే ఉండిపోయింది.

ఇరవై రెండేళ్లు ఒక్క తప్పు లేకుండా పనిచేసినందుకు ఇదా ఫలం. పైన రాత్రికి మైనస్ ఆరు. గుడారంలో పడుకుని, ఉన్నదంతా తొడుక్కుని, ఇంకా ఎందుకు వణుకుతున్నానో తెలియక పిల్ల పళ్లు కొట్టుకుంటుంది. జాకెట్ మీద అనుమానం రాదు, అమ్మ ఇచ్చింది కదా. తన ఒంటిదే లోపమనుకుంటుంది, ఎవరికీ చెప్పదు. వేళ్లు ముందు ఎర్రబడతాయి, తర్వాత తెల్లబడతాయి. ఇప్పుడు పిలిచి నిజం చెబితే మాత్రం పిల్ల ముఖం ఎలా మారుతుందో. గది గోడలు ఇంకా దగ్గరికి జరిగినట్టయింది. ఎటు కదిలినా ఏదో ఒక జాకెట్ భుజం ఆమెకు తగులుతోంది.

బయట బస్సు ఇంజను మొదలైంది.

రేవిన్ వాకిట్లోకి వచ్చి, "బ్రై, ఒక్క నిమిషం లోపలికి రా," అంది.

బ్రయోనీ సంచి భుజానికి తగిలించుకుని, జాకెట్ చంకలో పెట్టుకుని వచ్చింది. తలుపు దగ్గరే నిలబడింది. "అమ్మా, ఏడవనని అన్నావు."

"ఏడవట్లేదు. అది ఇలా ఇవ్వు. పొట్టిగా ఉంది. ఇంకోటి ఇస్తాను."

"పొట్టిగా లేదు. టిక్కు కూడా పడింది, ఇప్పుడు మార్చడమేంటి?"

"నా మాట విను."

"ఎప్పుడూ వింటూనే ఉన్నాను."

రేవిన్ తలుపు దగ్గరికి వేసింది. "అది చచ్చిన జాకెట్, బ్రై."

బ్రయోనీకి అర్థం కాలేదు. రేవిన్ దాన్ని తీసి బల్ల మీద పరిచి, అరచేతితో అదిమి తీసేసింది. మూడయింది. పది అయింది. ఆమె అయిదు వేళ్ల గుంట గుడ్డ మీద అలాగే ఉంది. బ్రయోనీ వంగి ఆ గుంటను చాలాసేపు చూసింది.

"రావిరి చూసి ఆపేస్తాడనుకున్నావు."

"ఊఁ."

"ఆపలేదుగా."

"లేదు."

"నువ్వు ఇచ్చావని ఆపలేదు." ఆమె గొంతు పెంచలేదు. "బళ్లో క్యాంపుకు నా ఫారం పోయింది కదా, పదిహేనేళ్లప్పుడు. నువ్వు హెడ్‌మిస్ట్రెస్‌తో దెబ్బలాడావు కూడా."

రేవిన్ బల్ల అంచును గట్టిగా పట్టుకుంది. "అదీ నేనే. పొయ్యిలో వేశాను."

"డునెడిన్‌లో హోటలు వాళ్లు పనికి రమ్మని రాసిన ఉత్తరం?"

రేవిన్ తల దించుకుని, గుంట పడ్డ జాకెట్‌ను మడతపెట్టింది. బయట ఎవరో బస్సు మీదికి సామాను విసురుతున్నారు. బ్రయోనీ గోడలవైపు ఒకసారి చూసింది, ఆ జాకెట్లన్నిటినీ మొదటిసారి చూస్తున్నట్టు.

"సరైనది ఇవ్వు," అంది.

రేవిన్ నాలుగింటిలో మూడోది తీసింది. ఆకుపచ్చ, పాలిస్టర్ దూది, టోపీ లోతుగా, జేబుల జిప్పులు గ్లవ్స్‌తో లాగినా దొరికేంత పెద్దవి. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి ప్రతి కుట్టూ చూసింది. జిప్పు మూడుసార్లు పైకీ కిందికీ లాగింది. అదిమింది, లేచింది. తొడగడానికి ముందుకు వస్తే బ్రయోనీ దాన్ని అందుకుని, ఒక అడుగు వెనక్కి వేసింది.

"లోపల కాటన్ చొక్కా ఉంది, అది వద్దు," అంది రేవిన్ చిన్నగా. "చెమటకు తడిస్తే ఆరదు. ఉన్నిది వేసుకో."

బ్రయోనీ గోడవైపు తిరిగి బేకరీ చొక్కా తల మీదుగా లాగి బెంచీ మీద పడేసింది, సంచిలోంచి ఉన్నిది తీసి వేసుకుంది, పైన ఆకుపచ్చ జాకెట్. జిప్పు తనే గొంతుదాకా లాక్కుంది.

"ఆదివారం ఫోను చేస్తాను. చెయ్యకపోతే పనిలో ఉన్నాననుకో. ఇంకేమీ అనుకోకు."

"అనుకోను."

"అనుకుంటావు," అంది బ్రయోనీ. తల్లి భుజం మీద ఒక క్షణం చెయ్యి వేసింది. బరువు తెలియనంత తేలిగ్గా వేసి తీసేసింది.

బస్సు మెట్టు దగ్గర రావిరి చూశాడు. "నీలం జాకెట్ ఆకుపచ్చ అయిందే?"

"నీలం పొట్టిగా ఉందట," అంది బ్రయోనీ ఎక్కుతూ.

"నేను చెప్పలా, ఆంటీ కన్ను," అని అతను కిటికీవైపు చెయ్యి ఊపాడు. రేవిన్ కూడా ఊపింది. బస్సు చెత్తడబ్బాల పక్కగా వెనక్కి వచ్చి, తిరిగి, బేకరీ ముందు నుంచి పోయింది. ఏ కిటికీలో పిల్ల కూర్చుందో అద్దాల మీద ఆవిరికి తెలియలేదు. మలుపు దగ్గర బస్సు వెనక లైటు ఎర్రగా వెలిగి ఆరింది.

కౌంటరు మీద ఎవరో గంట కొట్టారు. "వస్తున్నాను," అంది రేవిన్. కత్తెర తీసుకుని నీలం జాకెట్ జిప్పు కత్తిరించి, ఇంకెవరూ తొడుక్కోకుండా దాని చేతులు రెండూ కోసి, పెట్టెలో వేసింది. మళ్లీ గంట.

వెళ్లబోతూ తిరిగి చూసింది. బెంచీ మీద తెల్లటి కాటన్ చొక్కా తిరగబడి పడి ఉంది, మోచేతుల దగ్గర పిండి మరకలతో, చొక్కా చెయ్యి ఒకటి ఇంకా లోపలే ఉండిపోయి.